అటక మీద దొరికిన చేతి కాఫీ మిషను ఏ కాలంది? ఎలా తేల్చాలి?

ముందుగా ఒకటి చెప్తాను, మిగతాది తర్వాత చదవండి. దాన్ని ఇంకా తోమలేదు కదా? తోమకండి. సబ్బు వద్దు, చింతపండు వద్దు, ఎమరీ కాగితం అసలే వద్దు. మీరు అడిగినదానికి జవాబు చాలావరకు ఆ జిడ్డులో, ఆ పాత రంగులో ఉంది, ఒకసారి తోమేశారంటే మళ్ళీ రాదు.

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇదీ. చిత్తూరు గ్రీమ్స్‌పేటలో అమ్మమ్మగారి ఇల్లు ఖాళీ చేస్తుంటే అటక మీద చేత్తో తిప్పే కాఫీ మిషను దొరికింది. నల్లటి పోత ఇనుము, చెక్క పలకకు బిగించి ఉంది. ఒంటి మీద పోతలోనే వచ్చిన ఇంగ్లీషు అక్షరాల్లో స్పాంగ్ అండ్ కో, లండన్ అని, ఇంకోచోట మేడ్ ఇన్ ఇంగ్లండ్ అని, పక్కన 2 అంకె. పలక వెనక ఒక చిన్న రేకు, దాని మీద దుకాణం పేరు సగం చెరిగిపోయి ‘ప్రైవేట్ లిమిటెడ్, మద్రాస్-1’ అన్నది మాత్రం కనిపిస్తోంది. రేకుకు కొట్టినవి ప్లస్ గుర్తు స్క్రూలు, ఇనుప ఒంటికి ఉన్నవి ఒకే గీత స్క్రూలు. మీ మామయ్యగారు ఇది 1900 నాటిది, తాతగారి నాన్న కొన్నారు అంటున్నారు. పాత ఇనుము అంగడి ఆయన రేకు చూసి ఇది 1960ల సరుకు, తూకానికి తీసుకుంటా అన్నాడు. అమ్మమ్మగారు మాత్రం 1961లో తాను కాపురానికి వచ్చేసరికే వంటింట్లో ఉందని చెప్పారు. వీళ్ళలో ఎవరి మాట నిజం అని మీ ప్రశ్న.

అమ్మమ్మగారి మాట నిజం. మిగతా ఇద్దరూ తలా ఒక ముక్క పట్టుకుని మొత్తానికీ అంటగట్టారు.

ఇలాంటి వాటికి తయారైన సంవత్సరం వేసి ఉండదు. మనం తేల్చగలిగేది రెండు హద్దులే: ఇంతకంటే ముందు అయ్యుండదు, ఇంతకంటే తర్వాత అయ్యుండదు. ఆ రెండు హద్దుల్ని ఎంత దగ్గరికి తేగలిగితే అంత బాగా తేల్చినట్టు. దీనికి వస్తువులోని ఒక్కో భాగాన్నీ విడిగా చూడాలి, ఎందుకంటే మిషను ఒంటికి ఒక వయసు, చెక్కకు ఒకటి, పిడి గుండుకు ఒకటి, రేకుకు ఇంకొకటి ఉండొచ్చు. మన ఇళ్ళలో అయితే ఉంటుంది కూడా. ఇది రోజూ పొద్దున్నే తిరిగిన సామాను. చెక్క పుచ్చితే మార్చారు, పిడి ఊడితే వడ్రంగి చేత కొత్తది చేయించారు.

పేరుతో మొదలుపెడదాం, కానీ పేరు దగ్గరే ఆగిపోవద్దు. స్పాంగ్ కంపెనీని జేమ్స్ ఆస్బోర్న్ స్పాంగ్ అనే ఆయన 1856లో మొదలుపెట్టాడు. మాంసం కొట్టే మిషన్లు, చిక్కుడుకాయలు తరిగే మిషన్లు, ఇలా వంటింటి ఇనుప సామాను చాలా చేశారు. కాఫీ మిషన్లు మాత్రం దాదాపు అదే ఆకారంలో దశాబ్దాల తరబడి పోతపోస్తూ వచ్చారు. పైన గింజలు పోసే గిన్నె, అడ్డంగా ఇరుసు, పక్కన తిప్పే పిడి, ముందు వైపు మెత్తదనం సరిచేసే మర, కింద పొడి పడే చిన్న తట్ట. మీరు పంపిన ఫొటోలో తట్ట లేదు, అటక మీద ఇంకోసారి వెతకండి, పక్కన ఏ డబ్బా మూతగానో పడి ఉంటుంది. ఆకారం మారలేదు కాబట్టి ఈ పేరు చూసి కాలం చెప్పడం కుదరదు. 2 అనేది సైజు నంబరు. అంకె చిన్నదైతే పాతది, పెద్దదైతే కొత్తది అని అంగళ్ళలో చెప్తుంటారు, అందులో నిజం లేదు.

మేడ్ ఇన్ ఇంగ్లండ్ అన్న మాట కొంచెం పనికొస్తుంది. బ్రిటన్‌లో 1887లో సరుకుల గుర్తుల చట్టం వచ్చింది, అమెరికాలో 1890లో వచ్చిన సుంకాల చట్టం దిగుమతి సరుకు మీద దేశం పేరు ఉండాలంది. ఆ తర్వాత ఎగుమతి సామాను మీద దేశం పేర్లు మామూలయ్యాయి. మొదట్లో ఒట్టి ‘ఇంగ్లండ్’ అని, మొదటి ప్రపంచయుద్ధం తర్వాతి కాలానికి ‘మేడ్ ఇన్ ఇంగ్లండ్’ అని పూర్తిగా వేయడం ఎక్కువగా కనిపిస్తుంది. ఇది గట్టి రూలు కాదు, వాటం మాత్రమే. అయినా పోతలోనే ఆ మూడు మాటలూ ఉన్న మిషన్ను 1900 నాటిది అనడానికి నేను ఒప్పుకోను.

పోత మీద ఇంగ్లీషులో ‘ఆర్డీ నెంబర్’ అని ఒక అంకె కానీ, వజ్రం ఆకారంలో ఒక గుర్తు కానీ ఉందేమో కింద, వెనక, గిన్నె లోపల టార్చి పెట్టి చూడండి. వజ్రం గుర్తు బ్రిటన్‌లో 1842 నుంచి 1883 వరకు డిజైన్ రిజిస్ట్రేషన్‌కు వాడారు. 1884 నుంచి వరస అంకెలు మొదలయ్యాయి: 1890కి లక్షా నలభై వేల దగ్గర, 1900కి మూడున్నర లక్షల దగ్గర ఉన్నాయి. అంకె దొరికితే కింది హద్దు చాలా గట్టిగా దొరికినట్టే. అయితే అది డిజైన్ రిజిస్టరైన ఏడాది, మిషను పోతపోసిన ఏడాది కాదు. పేటెంట్ తేదీలకూ ఇదే వర్తిస్తుంది. అమెరికాలో లాండర్స్ ఫ్రేరీ అండ్ క్లార్క్ వాళ్ళ యూనివర్సల్ మిషన్ల మీద 1905 ఫిబ్రవరి 14 అని పేటెంట్ తేదీ ఉంటుంది, అదే తేదీతో తర్వాత ఎన్నో ఏళ్ళు అమ్మారు. ఆ తేదీ చూపించి ‘నూట ఇరవై ఏళ్ళ నాటిది’ అని అమ్మేవాళ్ళను నమ్మకండి.

ఇక మీ మిషనులో నాకు చాలా నచ్చిన భాగం ఆ రేకు. మన ప్రాంతంలో ఇంగ్లండ్ సరుకు మీద కంపెనీ పేరు కంటే అమ్మిన దుకాణం రేకే కాలం గురించి ఎక్కువ చెప్తుంది, దీన్ని ఎవరూ పట్టించుకోరు. పెద్ద సామాను కావాలంటే చిత్తూరు, తిరుపతి వాళ్ళకు అప్పట్లో మద్రాసే దిక్కు, కాకపోతే వేలూరు. దుకాణాల వాళ్ళు తమ రేకు కొట్టి ఇచ్చేవారు. ఆ రేకు మీద ఊరు, జిల్లా, కంపెనీ పేరు చివర మాటలు, ధర, తూకం, ప్రతి ఒక్కదానికీ ఒక చట్టమో మార్పో వెనక ఉంది. చిత్తూరు పక్కన ఉత్తర ఆర్కాడు జిల్లా అని ఉందంటే అది 1911 ఏప్రిల్‌కు ముందు మాట, ఎందుకంటే చిత్తూరు జిల్లా ఏర్పడిందే అప్పుడు. మదనపల్లె పక్కన కడప జిల్లా అని ఉన్నా అంతే. మద్రాసు ప్రెసిడెన్సీ అని ఉంటే స్వాతంత్ర్యానికి ముందుది. ఆంధ్ర రాష్ట్రం అని ఉంటే 1953 అక్టోబర్ నుంచి 1956 నవంబర్ మధ్య, అది చాలా ఇరుకైన కాలం, అలాంటి రేకు దొరికితే భద్రంగా దాచుకోండి. ధర అణాల్లో ఉంటే 1957 ఏప్రిల్‌లో నయాపైసలు రాకముందు. గిన్నెలో ఎంత పడుతుందో ఔన్సుల్లో కాకుండా గ్రాముల్లో రాసి ఉంటే, మన దగ్గర చేసిన సరుకైతే, మెట్రిక్ తూకాలు అమల్లోకి వచ్చిన 1958 తర్వాతిది అనుకోవచ్చు. ఐఎస్ఐ గుర్తు ఉంటే 1950ల నడుమ నుంచి ఇటు వైపు.

మీ రేకు మీద ‘ప్రైవేట్ లిమిటెడ్’ ఉంది. పాత 1913 కంపెనీల చట్టం కింద ప్రైవేటు కంపెనీ కూడా ఒట్టి ‘లిమిటెడ్’ అనే రాసుకునేది. పేరులో ‘ప్రైవేట్’ అని తప్పనిసరిగా చేర్చమన్నది 1956 చట్టం. కాబట్టి రేకు 1956 కంటే ముందుది కాదు. ఇక ‘మద్రాస్-1’, అంటే పిన్‌కోడ్‌కు ముందు వాడిన తపాలా జోన్ నంబరు. ఆరంకెల పిన్‌కోడ్ 1972 ఆగస్టు 15న వచ్చింది, ఆ తర్వాత అదే 600001 అయింది. అచ్చేయించుకున్న పాత రేకులు అయిపోయేదాకా వాడుకునే దుకాణాలు ఉంటాయి కాబట్టి పై హద్దును 1975 దాకా సాగదీద్దాం. అమ్మమ్మగారి మాట పట్టుకుని మిషను 1961కే ఇంట్లో ఉందనుకున్నా, రేకు 1956 నుంచి డెబ్బైల మధ్య ఎప్పుడైనా పడి ఉండొచ్చు.

పాత ఇనుము ఆయన ఇక్కడే ఆగిపోయాడు. కానీ ఆ కాలంలో విదేశీ సామాను పరిస్థితి ఏమిటో గుర్తుచేసుకోండి. 1956-57లో దేశానికి విదేశీ మారకం కొరత వచ్చింది, దిగుమతి లైసెన్సులు బాగా బిగించారు. ఇంగ్లండ్ నుంచి కొత్త కాఫీ మిషన్లు తెప్పించి అరవైలలో మద్రాసులో మామూలుగా అమ్మడం జరిగే పని కాదు. అందుకని లండన్ పోత మీద 1956 తర్వాతి మద్రాసు రేకు కనిపించినప్పుడు నేను మూడు దారులు ఆలోచిస్తాను. ఒకటి, దుకాణంలో మిగిలిపోయిన పాత సరుకు. రెండు, పాత మిషన్ను రిపేరుకు ఇస్తే వాళ్ళు కొత్త పలక వేసి తమ రేకు కొట్టి ఇచ్చారు. మూడు, ఇది లండన్‌ది కానే కాదు, ఇక్కడి ఫౌండ్రీలో దాన్నే అచ్చుగా పెట్టి పోసిన నకలు.

మూడోది ముందు తేల్చుకోవాలి. అసలు వస్తువునే ఇసుకలో నొక్కి అచ్చు తీసి పోస్తే రెండు సంగతులు జరుగుతాయి. పోత ఇనుము చల్లారేటప్పుడు సుమారు ఒక శాతం కుంచించుకుపోతుంది, కాబట్టి నకలు అసలు కంటే ఆ మేరకు చిన్నదవుతుంది. గిన్నె అంచు అసలులో 100 మిల్లీమీటర్లు ఉంటే నకలులో 99 వస్తుంది. రెండోది అక్షరాలు: అంచులు కరిగిన సబ్బు మీద అక్షరాల్లా గుండ్రబడతాయి, ‘ఎస్’ వంపుల్లోని సందులు పూడుకుపోతాయి. మీ ఫొటో పెద్దది చేసి చూశాను. అక్షరాల మూలలు పదునుగా ఉన్నాయి, జీ అక్షరం లోపలి చిన్న గీత కూడా విడిగా తెలుస్తోంది. అచ్చుల అతుకు గీత కూడా సన్నగా, ఆకురాయి పెట్టి సాపు చేసినట్టుగా ఉంది. నకళ్ళలో అది మందంగా వదిలేసి పైన రంగు పూస్తారు. నా లెక్కలో ఒళ్ళు అసలుదే. వెర్నియర్, అదే మిల్లీమీటరులో భాగాల దాకా కొలిచే సాధనం, ఉంటే గిన్నె అంచు అడ్డం కొలిచి పంపండి, నా దగ్గర ఉన్న అదే సైజుతో పోల్చి చెప్తాను.

తర్వాత స్క్రూలు. ప్లస్ గుర్తు స్క్రూ, అదే ఫిలిప్స్ స్క్రూ, 1930ల నడుమ అమెరికాలో కార్ల తయారీతో వాడుకలోకి వచ్చింది. వంటింటి సామానులో, అదీ మన దగ్గర, అది కనిపించేది ఇంకా చాలా తర్వాత. మీ రేకుకు అవి ఉన్నాయి, సరే, రేకు వయసుతో సరిపోయింది. ఒంటికి ఒకే గీతవి ఉన్నాయి. ఇప్పుడు పలకను ఒంటికి బిగించిన బోల్టు ఒకటి తీయగలిగితే తీయండి. బలవంతం చేయొద్దు, ముందు రోజు రాత్రి కిరోసిన్ చుక్క వేసి వదిలేయండి. పావు అంగుళం విట్‌వర్త్ (అంగుళాల లెక్క పాత ఇంగ్లీషు మర) బోల్టు అయితే మందం 6.35 మిల్లీమీటర్లు, అంగుళానికి 20 మరలు. మెట్రిక్ ఆరు అయితే మందం 6, మరకూ మరకూ మధ్య సరిగ్గా ఒక మిల్లీమీటరు. హార్డ్‌వేర్ అంగట్లో ఎం6 నట్టు ఒకటి కొని చేత్తో ఎక్కించి చూడండి, విట్‌వర్త్ బోల్టు మీదికి అది ఎక్కదు. ఎక్కకపోతే పానా పెట్టి తిప్పకండి, మర పాడైపోతుంది. మెట్రిక్ వచ్చిందంటే ఆ బోల్టు అరవైలలోనో తర్వాతో మార్చినది. విట్‌వర్త్ వచ్చినంత మాత్రాన ఇంగ్లండ్‌దని రుజువు కాదు, మన ఫౌండ్రీలూ ఆ రోజుల్లో అవే వాడేవి.

పలకను కూడా చూడండి. రేకు చుట్టూ చెక్క రంగు ఎలా ఉంది? రేకు ఎప్పటినుంచో అక్కడే ఉంటే దాని కింద చెక్క లేత రంగులో ఉంటుంది. ఒంటి పాదం అంచు చుట్టూ జిడ్డు గీత ఒకటే ఉందా, రెండు ఉన్నాయా? పలకలో ఇప్పుడు వాడని పాత కన్నాలు ఉన్నాయా? కన్నాలు లేకుండా, ఒకటే గీత ఉంటే పలకా రేకూ ఒకేసారి వేసినవి, అంటే రిపేరు షాపు దారి బలపడుతుంది. ఒంటి మీద అరిగిన బంగారు గీతలు, ముదురు నలుపు, దాని కింద ఇంకో రంగు పొర ఏదైనా తొంగిచూస్తోందా అన్నది పగటి వెలుతురులో చూడండి. పిడి చేతికి తగిలే చోట మెరుస్తున్నది క్రోమ్ పూతా, నికెలా అన్నది కూడా. క్రోమ్‌కు నీలి ఛాయ ఉంటుంది, అది 1920ల నడుమ నుంచే మార్కెట్లోకి వచ్చింది. నికెల్ కొంచెం పసుపు తిరిగి వెచ్చగా కనిపిస్తుంది. మీ ఫొటోలో నాకు నికెల్ లాగే ఉంది కానీ ట్యూబ్‌లైటు వెలుగులో తీసిన ఫొటో మీద పందెం కాయలేం. పిడి గుండు చెక్కదే, పగులు లేదు, అదృష్టం. నల్ల బేకలైట్ గుండు ఉంటే 1920ల తర్వాత అని ఇంకో హద్దు దొరికేది.

ఇవన్నీ కలిపి నా అంచనా: ఒళ్ళు మొదటి ప్రపంచయుద్ధం తర్వాత, దిగుమతులు బిగించకముందు పోసినది, అంటే 1920 నుంచి 1955 లోపు. మద్రాసు రేకు, పలక ఆ తర్వాత రిపేరులో వచ్చినవి. మామయ్యగారు చెప్పిన తాతగారి నాన్న కొన్నారన్న మాట ఇందులో చక్కగా ఇమిడిపోతుంది, 1900 అన్న అంకె మాత్రం ఇమడదు. ఆ తాతగారి నాన్న ఏ ఏళ్ళలో ఉద్యోగంలో ఉన్నారో, మద్రాసు ఎప్పుడు వెళ్ళేవారో అమ్మమ్మగారిని అడగండి, ‘రిపేరుకు ఎవరైనా తీసుకెళ్ళారా’ అని ప్రత్యేకంగా అడగండి. ఇంటి పెద్దల జ్ఞాపకంలో సంవత్సరాలు అటూ ఇటూ అవుతాయి, కానీ పెళ్ళి, పురుడు, ఇల్లు మారడం లాంటివాటితో ముడిపెట్టి చెప్పినవి చాలావరకు నిలబడతాయి. 1961 అన్నది అందుకే నాకు స్క్రూ కంటే గట్టి సాక్ష్యం.

ఇదే పని మీద ఇంకెవరైనా చూస్తుంటే వాళ్ళ కోసం కొన్ని. ఒళ్ళో పెట్టుకుని తిప్పే చెక్క పెట్టె, కింద సొరుగు ఉన్నవి ఎక్కువగా జర్మనీవి: జాసెన్‌హాస్, పీటర్ డీనెస్ వాళ్ళ పీడీ. వాటి మీద ‘డీఆర్‌జీఎం’ (జర్మనీలో డిజైన్ లాంటివాటి రిజిస్ట్రేషన్ గుర్తు) అని ఉంటే 1891 తర్వాత, రెండో యుద్ధానికి ముందో, ఆ యుద్ధకాలంలోనో. ‘డీబీజీఎం’ అని బీ అక్షరం వస్తే యుద్ధం తర్వాత. వెస్ట్ జర్మనీ అని ఉంటే 1949 నుంచి 1990 మధ్య, ఇందులో అనుమానమే లేదు. ప్యూజో, అదే కార్ల కంపెనీ, 1840 నుంచి కాఫీ మిషన్లు చేసింది, సింహం గుర్తు 1858లో రిజిస్టరైంది. పోత ఇనుప పెట్టె మీద ఇత్తడి గిన్నె, ఇత్తడి బిళ్ళ ఉంటే కెన్రిక్ కావచ్చు, వెస్ట్ బ్రామ్‌విచ్ వాళ్ళది, వాళ్ళ కాఫీ మిషను పేటెంట్ 1815 నాటిది. మెరిసే ఇత్తడి, బరువైన కొత్త టేకు, ఒంటినిండా ఒకే రకం తుప్పు, లోపల పళ్ళు చూస్తే మొరటుగా, గింజ వేస్తే నలగదు: కారైకుడి వైపు పాత సామాన్ల అంగళ్ళలోనూ ఇంటర్నెట్‌లోనూ ఇలాంటివి కనిపిస్తాయి, అవి అలంకరణకు చేసినవి. వాడిన మిషన్లో అరుగుదల చేయి పడేచోట, ఇరుసు తిరిగేచోట ఉంటుంది, మిగతా చోట ఉండదు.

అమ్మొద్దు. తూకానికి అసలే ఇవ్వొద్దు, పోత ఇనుము ధరకు పోవడానికి ఇది కుంటి బండి చక్రం కాదు. ధర ఎంత పలుకుతుందన్నది తట్ట దొరకడం మీద, లోపలి పళ్ళ మీద ఉంటుంది, కానీ ముందు వాడి చూడండి.

వాడే ముందు శుభ్రం ఇలా. వివరాలన్నీ ఫొటోలు తీశాక, ముందున్న మర విప్పి పళ్ళ భాగం బయటికి తీయండి, ఏది ఎటు తిరిగి ఉందో ప్రతి దశలో ఫొటో తీసుకోండి. పాత పొడి గట్టిపడి ఉంటుంది, వెదురు పుల్లతో, గట్టి బ్రష్‌తో పొడిగానే రాల్చండి, నీళ్ళు తగలనివ్వొద్దు. లోపల తుప్పు ఉంటే సన్నటి ఉక్కు పీచుతో రుద్దొచ్చు, బయట రంగును, బంగారు గీతల్ని ముట్టుకోవద్దు. ఆ కాలం రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది కాబట్టి గిన్నె లోపల రంగు పెచ్చులు రాలుతుంటే మాత్రం అందులో తాగే కాఫీకి గింజలు పోయకండి. ఇరుసుకు వేరుశనగ నూనె, కొబ్బరి నూనె వేయొద్దు, కొన్నాళ్ళకు చిక్కబడి బంకలా పట్టేస్తాయి, వాసన కొడతాయి. కుట్టుమిషను నూనె కూడా వద్దు, అది తినే సరుకు తగిలేచోటికి కాదు. మందుల షాపులో దొరికే లిక్విడ్ పారాఫిన్ ఒక చుక్క చాలు.

మొదటి రెండు మూడు గుప్పెళ్ళు చవక గింజలు వేయించి తిప్పి ఆ పొడి పారేయండి. తర్వాత పీబెర్రీ (కాయలో ఒక్కటే గుండ్రంగా పండే కాఫీ గింజ) కొంచెం ముదురుగా వేయించినవి వేసి, ముందు మరను పూర్తిగా బిగించి అక్కడినుంచి కొంచెం కొంచెం వదులు చేస్తూ రండి. ఫిల్టరుకు పొడి బొంబాయి రవ్వ కంటే సన్నంగా, పిండి కంటే బరకగా రావాలి. పళ్ళు అరిగిపోయి ఉంటే సన్నదీ బరకదీ కలిసి పడుతుంది, డికాషన్ దిగకుండా ఫిల్టరు పట్టేస్తుంది. అలా అయితే ఆ పళ్ళ ఫొటో దగ్గరగా తీసి, గిన్నె అంచు కొలతతో పాటు పంపండి, పదును పెట్టించొచ్చా లేదా చూసి చెప్తాను.